చిన్న మెదడేగా, పోన్లే

ఆ మంగళవారం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. "క్లయింట్ కాల్ దెబ్బకి చిన్న మెదడు చితికిపోయింది మచ్చా" అని. చెన్నైలో పదకొండేళ్లుంటే తెలుగు చివర ఒక మచ్చా వచ్చి చేరుతుంది, ఏం చేయలేం. తొమ్మిది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. అదే వారం, ఆదివారం పొద్దున, మా నాన్నకి సరిగ్గా ఆ చిన్న మెదడుకే దెబ్బ తగిలింది.

అమ్మా నాన్నా కావలిలో పినాకిని ఎక్కి వచ్చి పదిరోజులైంది. వేళచ్చేరిలో మా ఫ్లాట్‌లో ఉన్నారు. ఆ రోజు లేస్తూనే నాన్న మంచం కోడు పట్టుకుని "తల తిరుగుతోందిరా" అన్నారు. వెంటవెంటనే రెండుసార్లు వాంతి. అమ్మ చూసింది, తేల్చేసింది. "పైత్యం. రాత్రి ఆ పరోటాలు వద్దంటే విన్నారా?" శొంఠి వచ్చింది, నిమ్మరసం వచ్చింది. బాత్రూమ్‌కి వెళ్తూ ఆయన గోడ పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుని, తూలుతూ నడిచారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. లిఫ్టులో పై అంతస్తు ఆయన మాత్రం వేరేగా అనుకున్నట్టే చూశాడు.

చెయ్యి ఎత్తమంటే ఎత్తారు. కాలు ఎత్తమంటే ఎత్తారు. మూతి వంకరపోలేదు. ఇంకేం, పక్షవాతం కాదని నేనూ ధైర్యం తెచ్చుకున్నాను. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు "తలై సుత్తుదా?" (తల తిరుగుతోందా) అని అడిగి, గ్యాస్ అయి ఉంటుందని ఒక ఇంజెక్షన్ చేసి పంపించేశారు. సాయంత్రానికి నాన్న మాట ముద్దముద్దగా వచ్చింది. అప్పుడు పరిగెత్తాం.

సీటీ స్కాన్‌లో ఏమీ తేలలేదు. ఎమ్మారైలో తేలింది. రాత్రి పదింటికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ బయటికొచ్చి "సిరుమూళైల స్ట్రోక్" అంది. అమ్మకి తమిళం రాదు. ఆత్రంగా ముందుకొచ్చి నన్ను అడిగింది: "ఏ మూలలో?"

తమిళంలో మూలై అంటే మూల. మూళై అంటే మెదడు. లకి ళకి ఉన్నంత దూరం. మనకీ ఆ మాట చుట్టమే, ఎముక లోపలిదాన్ని మూలుగ అంటాం కదా. తెలంగాణలో పెళ్లి విందుల్లో మూలుగ బొక్క కోసం అలకలు కూడా ఉంటాయి. తమిళ మూళైకి మెదడన్న అర్థమూ ఉంది, మూలుగన్న అర్థమూ ఉంది. గట్టి ఎముక లోపల మెత్తగా ఉండేది ఏదైనా ఒకటే పేరన్నమాట. ఇదంతా తర్వాత తీరిగ్గా తెలుసుకున్నాను. ఆ రాత్రి ఆ వరండాలో నాకు దొరికిన తెలుగు మాట ఒక్కటే. మంగళవారం జోకుకి వాడేసిన మాట.

"చిన్న మెదడులో రక్తం ఆగిందటమ్మా."

అమ్మ గుండెల మీద చెయ్యి తీసింది. ఊపిరి వదిలింది. "చిన్న మెదడేగా, పోన్లే. పెద్దది బాగానే ఉందిగా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మని ఏమనగలం? ఆ పేరు వింటే ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనేమీ తెలివైనవాణ్ణి కాదు. బడిలో మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బట్టీ పట్టి, బొమ్మ గీసి, బాణాలు వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పొద్దున్నించి కళ్లెదురుగా తూలుతున్న నాన్న తలలో ఆ అనుమస్తిష్కమే ఉందన్న ఆలోచన మాత్రం రాలేదు. పరీక్ష రాసిన మాట ఒకటి, తిట్టుకునే మాట ఇంకొకటి. రెండూ ఒకే వస్తువు పేర్లని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిజానికి పెద్ద చిన్న అన్నది తూకం లెక్క. చిన్న మెదడు బరువు మొత్తం మెదడులో పదో వంతు ఉంటుంది. కానీ 2009లో మెదడు కణాలని లెక్కకట్టినవాళ్లు తేల్చిందేమిటంటే, మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు ఈ చిన్నదాంట్లోనే ఉన్నాయి. మనం గొప్పగా చెప్పుకునే పెద్ద మెదడు పైపొరకి దక్కింది 1,600 కోట్లు. నడకలో తూకం, చేతివాటం, మాటలో అక్షరం తర్వాత అక్షరం సరిగ్గా పడటం, ఇవన్నీ చిన్నదాని పనులు. అందుకే అక్కడ రక్తం ఆగితే కాలూ చెయ్యీ పడిపోకుండానే మనిషి తూలిపోతాడు. చూసేవాళ్లకి తాగినట్టుంటాడు. మందు తాగినవాడు తూలడంలో కూడా ఆ చిన్న మెదడు పాత్ర పెద్దదే కాబట్టి, లిఫ్టులో ఆయన అనుమానం శాస్త్రం ప్రకారం మరీ అన్యాయమేమీ కాదు.

నాన్న ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నేను ఈ మాటల గురించే ఆలోచించాను. వెయిటింగ్ హాల్‌లో వేరే పనేముంటుంది? మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, మంచి పిల్ల. "మెంటల్, పిచ్చి, బుర్ర లేదు, ఇలాంటివి అసలు అనకూడదు సర్" అంటుంది. నాన్న సంగతి అయ్యాక నేనూ అటువైపు వస్తానని ఆవిడ అనుకుంది. రాలేదు. కనీసం పూర్తిగా రాలేదు. ఎందుకో చెప్తాను.

బుర్ర అన్న మాటనే చూడండి. సొరకాయ బుర్ర, కొబ్బరి బుర్ర. లోపలిది తీసేసిన డొల్ల. బుర్రకథలో బుర్ర కూడా అదే, తంబురా కింద ఉండే ఆ గుండ్రటి డొల్ల. తల మీద మనవాళ్లకి ఉన్న గౌరవం ఇంతే: అదొక కాయ. అందుకే తలకాయ అన్నారు. బుర్రలో గుజ్జు ఉందా అని అడుగుతారు. మట్టిబుర్ర అంటారు. బుర్ర తింటారు, గోకుతారు, బుర్ర వేడెక్కుతుంది, బుర్రకి ఎక్కదు. మోకాల్లో ఉందిరా నీ మెదడు అంటారు. వీటిలో ఒక్కటి కూడా మెదడు గురించి నాకు తెలుసు అని ఫోజు కొట్టదు. "బుర్ర వేడెక్కింది" అన్నవాడి నోట్లో ఎవరూ థర్మామీటర్ పెట్టరు. వాడికి ఎలా ఉందో చెప్పాడు, మనకి అర్థమైంది, టీ తాగడానికి వెళ్లాం.

పిచ్చి కూడా అంతే, ఒక్క అర్థంలో ఇరుక్కునే మాట కాదు. పిచ్చి మొక్కలు, పిచ్చి గీతలు, సినిమా పిచ్చి, పిచ్చి తల్లి. ఒకదాంట్లో ఎవరూ నాటకుండా మొలవడం, ఇంకోదాంట్లో అడ్డూ ఆపూ లేకపోవడం, చివరిదాంట్లో బోలెడంత జాలి. మా నాయనమ్మ నన్ను ఎత్తుకుని "వెర్రి నాన్నా" అంటే దాంట్లో నా మెదడు మీద తీర్పేమీ లేదు. ఈ మాటలన్నీ ఏరి పారేస్తే తెలుగులో సగం ముద్దు మాటలు పోతాయి.

ఆసుపత్రి కుర్చీలో కూర్చుని నేను వేసుకున్న లెక్క ఇది. మెదడు చుట్టూ తిరిగే మాటలు రెండు రకాలు. కొన్ని నాకు ఎలా ఉందో చెప్తాయి. కొన్ని ఎందుకలా ఉందో కూడా తేల్చేస్తాయి. మొదటి రకంతో గొడవ లేదు. రెండో రకం వినగానే మనం వెతకడం ఆపేస్తాం, ఎందుకంటే కారణం దొరికేసింది కదా.

మొదట్లో నేను దీన్ని పాత మాటలు మంచివి, కొత్త ఇంగ్లీషు మాటలు చెడ్డవి అన్నట్టు అనుకున్నాను. సుఖంగా ఉండేది అలా అనుకుంటే. కానీ మా ఇంట్లో ఆ పొద్దున నాలుగు గంటలు మింగేసిన మాట ఇంగ్లీషుది కాదు. "పైత్యం." అమ్మ ఆ మాట అనగానే అందరి భయం తగ్గింది. నాన్నతో సహా. ఇక చేయాల్సింది శొంఠి అరగదీయడమే.

పైత్యం సంగతి తమాషాగా ఉంటుంది. ఇవాళ "వీడి సినిమా పైత్యం" అంటే వెర్రి వ్యామోహం. కానీ అది పిత్తం నుంచి వచ్చిన మాట. వాతం, పిత్తం, కఫం అన్న లెక్కలో పిత్తం ప్రకోపిస్తే తల తిరుగుతుంది, వాంతవుతుంది, మతి చలిస్తుంది. ఒకప్పుడు అది పుస్తకాల్లో రాసుకున్న వైద్యం, వైద్యుడు నాడి పట్టుకుని చెప్పిన మాట. పక్షవాతంలో వాతం కూడా అలా మిగిలిపోయిందే. అంటే పైత్యం ఆ కాలపు డోపమైన్, ఇవాళ అందరి నోటా నానే ఆ మెదడు రసాయనం. వైద్యుడి నోట్లోంచి జారి, వంటింట్లోకి వచ్చి, చివరికి తిట్టుగా స్థిరపడింది. ఇప్పుడు డోపమైన్ ఆ దారిలోనే నడుస్తోంది, కాకపోతే వంటింటి బదులు రీల్స్‌లోకి వచ్చింది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు శనాదివారాలు ఫోన్ బీరువాలో పెట్టేస్తాడు. మంచి పనే. దాన్ని "డోపమైన్ డీటాక్స్" అంటాడు. డోపమైన్ అంటే ఒంట్లో పేరుకున్న విషమైనట్టు, రెండు రోజులు ఉపవాసముంటే కడిగేసుకోవచ్చన్నట్టు. నాన్న వార్డులో పక్క మంచం పెద్దాయనది పార్కిన్సన్స్. లేచి నిలబడేవారు, అడుగు వేద్దామంటే పాదం నేలకి అతుక్కుపోయేది. మెదడు లోతుల్లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతే వచ్చే జబ్బది. ఆయనకి టైము ప్రకారం ఇచ్చే మాత్రలో ఉండే లెవోడోపా, ఒంట్లోకి వెళ్లి డోపమైన్ అయ్యే ముడిసరుకు. మాత్ర పడిన కాసేపటికి ఆయన నడుచుకుంటూ కిటికీ దాకా వెళ్లి వచ్చేవారు.

డోపమైన్‌ని నిజంగా ఖాళీ చేసిన ప్రయోగం కూడా ఉంది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకి రిసర్పిన్ అనే మందు ఎక్కించాడు. అవి కదలకుండా చతికిలబడ్డాయి. లెవోడోపా ఇస్తే మళ్లీ లేచాయి. ఈ పనికి ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. ఆ రిసర్పిన్ ఎక్కడిదనుకున్నారు? మన సర్పగంధి వేరులోది. మన దేశంలో ఉన్మాదానికి తరతరాలుగా వాడిన వేరు. 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని మీద పత్రికలో రాశారు. కాబట్టి మా కుర్రాడికి నిజమైన డోపమైన్ డీటాక్స్ కావాలంటే ఆ కుందేళ్లని అడగాలి. వాటికి రీల్స్ చూడాలనిపించలేదు, క్యారట్ తినాలనీ అనిపించలేదు.

పైగా డోపమైన్‌ని ఆనందం అనుకోవడం ఇంకో పొరపాటు. వొల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, దీపం వెలిగితే పళ్లరసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, డోపమైన్ కణాలు రసం తాగుతున్నప్పుడు కాకుండా దీపం వెలగగానే ఎగిరిపడ్డాయి. తాగడం కంటే వస్తుందన్న ఎదురుచూపు, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా, అదీ దాని వ్యవహారం. ఇంత చెప్పినా మా వాడు ఫోన్ బీరువాలోనే పెడతాడు, పెట్టనీ. "ఫోన్ చూసి చూసి బుర్ర పాడైంది, రెండ్రోజులు ముట్టను" అంటే చాలదా? అదే పని, అదే ఫలితం. కాకపోతే ఆ మాటకి సబ్‌స్క్రిప్షన్ అమ్మలేరు.

అమ్మకం అంటే గుర్తొచ్చింది. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, అంటే మధ్యమెదడుని నిద్రలేపి పిల్లల తెలివి పెంచుతామన్న కోచింగ్. కొన్నేళ్ల కిందట హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అన్నిచోట్లా బోర్డులు వెలిశాయి. పిల్లల కళ్లకి గంతలు కట్టి పుస్తకం చదివిస్తారు, రంగులు చెప్పిస్తారు, అమ్మానాన్నలు చప్పట్లు కొట్టి వేలకి వేలు కడతారు. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ లాంటివాళ్లు వేదికల మీదే దాని గుట్టు విప్పారు: ముక్కు పక్క సందులోంచి పిల్లలు కిందికి చూస్తారు, అంతే. నా కోపం ఆ గంతల మీద కంటే ఆ పేరు మీద. మధ్యమెదడు బతికున్న ప్రతి మనిషిలో పనిచేస్తూనే ఉంటుంది. అది నిజంగా ఆగిపోతే పిల్లవాడు ఉండాల్సింది కోచింగ్ సెంటర్లో కాదు, ఐసీయూలో. "మీ వాడి బుర్ర పదును పెడతాం" అని తెలుగులో బోర్డు రాస్తే ఎవడూ వెయ్యి రూపాయలు కూడా ఇవ్వడు. తెలుగు మాటకి డాక్టరు కోటు లేదు.

ఇక మెంటల్. ఇక్కడ మా ఆఫీసమ్మాయితో సగం ఒప్పుకుంటాను. మనవాళ్లు మెంటల్ హాస్పిటల్‌లో హాస్పిటల్‌ని తీసేసి, మిగిలిన మెంటల్‌ని మనిషికి తగిలించారు. చెన్నైలో ఇంకో అడుగు ముందుకేసి ఊరి పేరునే తిట్టు చేశారు. 1794 నాటి మూలాలున్న మానసిక ఆసుపత్రి కీల్పాక్‌లో ఉంది కాబట్టి "కీల్పాక్కం కేసు". మనకి ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో వాల్తేరు. కీల్పాక్‌లో ఇల్లు తీసుకున్న మా ఫ్రెండొకడు అడ్రస్ చెప్పినప్పుడల్లా ముందు తనే నవ్వేస్తాడు, అవతలివాడు నవ్వకముందే. ఇది నాకు సరదాగా అనిపించదు. బుర్ర లేదు అంటే వాడికి పోయేది ఏమీ లేదు. ఆసుపత్రి పేరు తిట్టయితే మాత్రం అవసరమైనవాడు ఆ గేటు దాకా వెళ్లి వెనక్కొస్తాడు.

మా ఇంట్లోనే జరిగింది. నాన్నని చూసేది న్యూరాలజిస్ట్. తెలుగులో చెప్పాలంటే నరాల డాక్టరు. నాన్న ససేమిరా ఆ మాట బంధువులకి చెప్పనివ్వలేదు. ఎందుకో రెండు రోజులకి గానీ నాకు తట్టలేదు. కావలి గోడల మీద "నరాల బలహీనత" అని రాసుండే ప్రకటనలు దేనికో మీకు తెలుసు, నాకూ తెలుసు, అరవై ఎనిమిదేళ్ల మా నాన్నకీ తెలుసు. పోనీ మెదడు డాక్టరు అందామంటే "పిచ్చి డాక్టరనుకుంటారు" అన్నారు. చివరికి ఒంగోలు అత్తయ్యకి ఫోన్లో "చెవిలో తేడా చేసింది" అని చెప్పారు. వీధి చివర క్లినిక్ డాక్టరు చెప్పిన గ్యాస్ లాంటి మాటే, ఈసారి నాన్న కావాలని ఎంచుకున్నారు.

కొన్ని మాటలు మాత్రం ఎవరికీ నష్టం చేయకుండా ఎక్కడెక్కడో తిరిగి వస్తాయి, అవంటే నాకు ముచ్చట. మతిమరుపు మనిషిని మనం గజినీ అంటాం. 2005లో వచ్చిన తమిళ సినిమా పుణ్యం. అందులో మతిమరుపు హీరో పేరు సంజయ్ రామస్వామి. గజినీ అన్నది సినిమా పేరు, మళ్లీ మళ్లీ దండెత్తిన గజినీ మహమ్మద్‌ని తలుచుకుని పెట్టింది. పాపం ఆ సుల్తాను పట్టుదలకి గుర్తుగా పెట్టుకుంటే, జనం ఆయన్ని తాళాలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయే మనిషిని చేశారు.

ఇంకొకటి. మా ఇంటికి దగ్గర్లోనే ఐఐటీ మద్రాస్ వేళచ్చేరి గేటు. అక్కడి మెదడు పరిశోధన కేంద్రం 2024 డిసెంబరులో గర్భస్థ శిశువుల మెదడుని పలుచటి పొరలుగా కోసి తీసిన 5,132 చిత్రాలని అందరికీ తెరిచి పెట్టింది. ఆ సంకలనం పేరు ధరణి. తెలంగాణలో భూముల రికార్డులు ఎక్కించిన వెబ్‌సైట్ పేరూ అదే. లంచ్‌లో ఈ సంగతి చెప్తే మా నల్గొండ కొలీగ్ తింటున్న ముద్ద ఆపి "ధరణిలో మెదడు కూడా ఎక్కిస్తున్నరా? మా నాయిన పొలమే ఇంకా ఎక్కలే" అన్నాడు.

నాన్న ఇప్పుడు కావలిలోనే ఉన్నారు. ఫిజియోథెరపిస్ట్ నేర్పినట్టు రోజూ సాయంత్రం వరండాలో టైల్స్ గీత మీద, వెనక కాలి బొటనవేలికి ముందు కాలి మడమ ఆనించి, ఒక్కో అడుగు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు. కొంచెం పక్కకి ఒరుగుతారు, అమ్మ చూడనట్టు చూస్తుంది. తల తిరుగుతోందంటే ఇప్పుడు అమ్మ శొంఠి తీయదు. "గది తిరుగుతోందా, మీరు తూలుతున్నారా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా?" అని డాక్టరమ్మ అడిగిన మూడు ప్రశ్నలూ వరసగా అడుగుతుంది. తెలుగులో మూడింటికీ మూడు మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి. మేమే మూడిటినీ కలిపి పైత్యం సీసాలో పోశాం.

సంక్రాంతికి వెళ్లినప్పుడు మా బావమరిది ఏదో పేకాట లెక్క తప్పితే నాన్నని ఉడికించాడు, "ఏంటి మావయ్యా, చిన్న మెదడు చితికిందా?" అని. నోట్లోంచి వచ్చేశాక నాలుక కరుచుకున్నాడు. గదంతా నిశ్శబ్దం. నేను అమ్మ వైపు చూశాను.

నాన్న ముక్కలు సర్దుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"చితికిందిరా. బీరువాలో ఎమ్మారై ఉంది, కావాలంటే చూసుకో. నీ దగ్గరేముంది రిపోర్టు?"